ఇల్లు కట్టుకోవడానికి ఎవరి సెలవు?



ముప్పైమూడేళ్ళు పిల్లలకు సంధులూ సమాసాలూ విభక్తులూ చెప్పి పదవీవిరమణ చేసినవాణ్ణి. సంబంధాన్ని తెలిపేది షష్ఠీ విభక్తి అనీ, దాని ప్రత్యయాలలో 'యొక్క' ఒకటనీ ఎన్ని వేలసార్లు వల్లె వేయించి ఉంటానో లెక్క లేదు. ఆ 'యొక్క' ఎంత బరువైనదో మాత్రం అరవై దాటిన తరువాత, మా ఊరి పంచాయతీ కార్యాలయంలో ఒక బల్లముందు కూర్చున్నప్పుడు తెలిసింది.

మా ఊరు శ్రీశైలం జలాశయంలో మునిగిన ఊళ్ళలో ఒకటి. ఇప్పుడు మేముండేది పునరావాస గ్రామం. ఆత్మకూరు, నందికొట్కూరు ప్రాంతంలో అటువంటి ఊళ్ళు చాలా ఉన్నాయి. పాత పేరుకు ముందు 'కొత్త' అని తగిలించుకొని నాలుగు దశాబ్దాలకు పైగా కొత్తవిగానే ఉండిపోయినవి. మా నాయనకు కేటాయించిన స్థలంలో ఆయన కట్టిన చౌడుమిద్దె ఉంది. భర్త పోయిన మా చెల్లెలు అందులోనే ఉంటున్నది. రెండేళ్ళ కిందటి వానలకు నడిమింటి దంతెలు కుంగి, గవాక్షి పక్కన మిద్దె ఒక మూల కూలింది. ఆ రాత్రి మా చెల్లెలు వంటింట్లో పడుకొని ఉండబట్టి బతికింది. దాన్ని తీసివేసి రెండు గదుల సిమెంటు ఇల్లు కట్టిద్దామనుకున్నాను. నా దగ్గరున్నది చాలదు, కొంత బ్యాంకు ఇవ్వాలి. బ్యాంకువారు ఆమోదం పొందిన ప్లాను తెమ్మన్నారు. ప్లాను ఆమోదానికి పంచాయతీకి దరఖాస్తు పెట్టాను.

పంచాయతీ కార్యదర్శి చిన్నపిల్ల. మా బడిలో చదువుకున్నదే. లేచి నిలబడి, కుర్చీ వేసి, కాగితాలన్నీ ఓపికగా చూసి, "కోపం చేసుకోవద్దు సార్. ప్లాను సరిగానే ఉంది. స్థలం మీదని చెప్పే కాగితం ఏదీ?" అన్నది.

"మా నాయనది కదమ్మా. నీకు తెలియదా?"

"నాకు తెలుసు సార్. ఫైలుకు తెలియాలి కదా!"

కోపం వచ్చిన మాట నిజం. ఇంటికి వచ్చాక ఆ పిల్ల మాటలో తప్పేమిటని ఆలోచిస్తే ఏమీ కనబడలేదు. మనుషులకు తెలిసినది ఫైలుకు తెలియకపోవడం వల్ల మా ఊరికి ఒకసారి ఏమి జరిగిందో నేను కళ్ళారా చూసినవాణ్ణి. ఆ పూట నుంచీ ఒక ప్రశ్న నన్ను పట్టుకున్నది. మా ప్రాంతంలో, శ్రీశైలం కొండ చుట్టూ, ఒక మనిషి ఒక కట్టడం లేపాలంటే ఎవరి అనుమతి కావలసి వచ్చింది? ఆ అనుమతి దేనిమీద రాశారు? రాయనివారి గతి ఏమైంది? నేను పరిశోధకుణ్ణి కాను. పండితశిక్షణ నాటి చదువూ, తరువాతి కాలక్షేపపు చదువూ కలిపి తోచినది రాస్తున్నాను.

ముందు మాటల సంగతి. ఈ విషయంలో మన భాషే ఒక చరిత్ర పుస్తకం. అడగడానికి మనకు మొదట ఉన్నది 'విన్నపము'. విజ్ఞాపనకు తద్భవం. ఇవ్వడానికి 'ఆనతి', ఆజ్ఞప్తికి తద్భవం. తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలలో దానాన్ని అమలు జరిపించే అధికారికే 'ఆజ్ఞప్తి' అని పేరు. 'సెలవు' అన్న మాటకు పాత అర్థాలలో అనుమతి ఒకటి. పెద్దలు 'సెలవిచ్చారు' అంటే మాట్లాడారనీ, అనుమతించారనీ కూడా. తరువాత తురకరాజ్యాలు వచ్చి కచేరీల భాష మారింది. విన్నపం 'అర్జీ' అయింది, 'దరఖాస్తు' అయింది. ఆనతి 'మంజూరు' అయింది. ఎల్ల 'హద్దు' అయింది. వీటిలో అర్జీ, మంజూరు, హద్దు అరబ్బీ నుంచి, దరఖాస్తు పారశీకం నుంచి వచ్చినవి. ఆ పైన ఇంగ్లీషువాడు వచ్చి 'ప్లాను', 'అప్రూవల్' ఇచ్చాడు. ఈనాడు మా ఊళ్ళో ఒక రైతు "ప్లాను అప్రూవల్‌కు దరఖాస్తు పెట్టినా, ఇంకా మంజూరు కాలేదు, సార్ ఏం సెలవిస్తాడో!" అంటే, ఆ ఒక్క వాక్యంలో వెయ్యేళ్ళ ప్రభుత్వాలు వరుసగా నిలబడి ఉంటాయి. ప్రభువులు మారారు. అడిగేవాడు మాత్రం అడుగుతూనే ఉన్నాడు.

ఇక కొండమీదికి వెళదాం.

శ్రీశైలంలో కట్టడాలు కట్టినవారి పేర్లు మనకు తెలిసి ఉండడానికి కారణం వారు గొప్పవారు కావడం ఒక్కటే కాదు. వారు రాయించారు. రెడ్డిరాజ్య స్థాపకుడైన ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. ఎఱ్ఱాప్రెగడ హరివంశాన్ని అంకితం పొందినవాడు ఈయనే. అనవేమారెడ్డి 1377-78లో వీరశిరోమంటపం కట్టించాడు. ఆవేశపరులైన వీరభక్తులు స్వామికి తమ అంగాలనూ శిరస్సులనూ అర్పించుకొన్న చోటు అది. విజయనగర ప్రభువు రెండవ హరిహరరాయల భార్య విఠలాంబ పాతాళగంగకు మెట్లు కట్టించింది. 15వ శతాబ్దపు తొలినాళ్ళలో ఆయన కాలాననే స్వామి ఆలయానికి ముఖమంటపం లేచింది. కృష్ణదేవరాయలు వచ్చి వీధికి ఇరువైపులా మంటపాలు కట్టించాడు. 1677లో దక్షిణ దండయాత్రలో ఉన్న ఛత్రపతి శివాజీ కొండకు వచ్చాడు. ఉత్తర గోపురం ఆయన పేరుతోనే నిలిచి ఉంది.

రాజులకు అనుమతి ఎవరిస్తారు? నిజమే, వారెవరికీ దరఖాస్తు పెట్టుకోలేదు. అయినా రాయి మీద చెక్కించేటప్పుడు వారు పాటించిన పద్ధతి చూడండి. ఏ శక సంవత్సరం, ఏ మాసం, ఏ తిథి, ఎవరి రాజ్యకాలం, ఎవరు ఇస్తున్నారు, ఎవరికి ఇస్తున్నారు, ఆ భూమికి నాలుగు దిక్కులా ఎల్లలేమిటి, సాక్షులెవరు, దీన్ని చెరిచినవానికి ఏ పాపం తగులుతుంది. శాసనం అంటే ఆజ్ఞ. దాన్ని కట్టడానికి ఇచ్చిన అనుమతిపత్రం అంటే చరిత్రకారులు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. అది దానపత్రం. కాని నేను పంచాయతీకి ఇచ్చిన దరఖాస్తును పక్కన పెట్టి చూసుకుంటే గళ్ళు దాదాపు అవే. తేదీ, పేరు, విస్తీర్ణం, చెక్కుబందీ, సాక్షి సంతకాలు. పాపభయం ఉన్నచోట జరిమానా ఉంది. పాతవారు కాశీలో గోహత్య చేసిన పాపం తగులుతుందని బెదిరించేవారు, ఇప్పటివారు నియమం సంఖ్య చెప్పి బెదిరిస్తారు. ఏది ఎక్కువ పనిచేసిందో నేను చెప్పలేను.

ఈ అలవాటు మా సీమకు కొత్తదేమీ కాదు. పూర్తిగా తెలుగులో దొరికిన తొలి శాసనాలు ఆరవ శతాబ్ది రేనాటి చోళులవి. మా పక్కనున్న కడప జిల్లా కలమళ్ళ, ఎర్రగుడిపాడు గ్రామాలలో దొరికాయి. ఎర్రగుడిపాడు శాసనం చెప్పేది ఒక 'పన్నస' సంగతి, అంటే దానంగా ఇచ్చిన భూమి సంగతి. తెలుగువాడు తన భాషను రాతి మీదికి ఎక్కించిన తొలినాళ్ళలోనే 'ఈ నేల ఎవరిది' అని రాసుకున్నాడు. కావ్యం వచ్చింది ఆ తరువాత అయిదు వందల ఏళ్ళకు.

దానశాసనాలలో 'అష్టభోగాలు' అని ఒక లెక్క వస్తుంది. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షిణి, ఆగామి, సిద్ధం, సాధ్యం. భూమి ఇస్తున్నామంటే మట్టి ఒక్కటే ఇవ్వడం కాదు. అందులో దాగిన ధనం, దాచిన ధనం, నీరు, రాయి, ఇప్పటి ఫలం, రాబోయే ఫలం, సాధించినది, సాధించుకోగలది అన్నీ ఇవ్వడం. తరగతిలో ఈ ఎనిమిదింటినీ కంఠస్థం చేయించానే గాని, 'పాషాణం' ఎందుకున్నదని ఏనాడూ ఆలోచించలేదు. రాయి తీసుకునే హక్కు లేనివాడు ఇల్లు కట్టలేడు. నీటి హక్కు లేనివాడు మట్టి తడపలేడు. కట్టుకోవడానికి వేరుగా అనుమతి రాయనక్కరలేకుండా ఆ రెండు మాటలలోనే వాళ్ళు ఇచ్చివేశారు.

రాసినది ఎంతకాలం నిలుస్తుందనడానికి ఒక ఉదాహరణ. 2021లో శ్రీశైలంలోని ఘంటామఠాన్ని పునరుద్ధరిస్తుండగా రాగిరేకులు బయటపడ్డాయి. కొన్ని శతాబ్దాలు మట్టిలో, గోడలలో ఉండి, తీరా చూస్తే అక్షరాలు అక్షరాలుగానే ఉన్నాయి. పురావస్తుశాఖ శాసనపరిశోధకులు వాటిని చదివారు. ఆ మఠాల గోడలు కూలినవి కూలాయి గాని కాగితం, అంటే రాగి, కూలలేదు.

విజయనగరం పోయాక కొండ పలువురి చేతులు మారి కర్నూలు నవాబుల ఏలుబడిలోకి వచ్చింది. 1794లో కాలిన్ మెకంజీ కొండకు వచ్చి, ప్రాకారం మీది శిల్పాలు చూసి ఒక వ్యాసం రాశాడు. అది 1798లో ఏషియాటిక్ రిసెర్చెస్ అయిదవ సంపుటంలో వచ్చింది. అందులో ఆయన శ్రీశైలాన్ని జనం పిలిచినట్టే 'పర్వతం' అన్నాడు. 1800లో నిజాము కంపెనీకి దత్తం చేసిన మండలాలకు థామస్ మన్రో కలెక్టరై 1807 దాకా ఉండి, పొలాలు కొలిపించి, రైతువారీ పద్ధతికి పునాది వేశాడు. నవాబు జాగీరు అప్పటికింకా వేరుగా ఉండేది. నందికొట్కూరు వైపు ఊళ్ళన్నీ దానిలోవే. 1839లో గులాం రసూల్ ఖాన్‌ను తొలగించి కంపెనీ కర్నూలును కలుపుకున్నది. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడింది. కొండమీది ఆలయాన్ని 1840 ప్రాంతంలో పుష్పగిరి మఠానికి అప్పగించారు. 1929లో పాలక సంఘం వచ్చింది, 1949లో దేవాదాయశాఖ వచ్చింది.

కొండ కథను కొంతసేపు ఆపి ఊళ్ళోకి రావాలి, ఎందుకంటే నా దరఖాస్తుకు అడ్డుపడినది అక్కడే పుట్టింది.

దొరలు పొలాలను కొలిచారు. ప్రతి చేనుకూ నంబరు వేశారు. శిస్తు పొలం మీద వస్తుంది గదా! జనం ఇళ్ళు కట్టుకొని ఉన్న చోటు మీద శిస్తు లేదు. అందువల్ల ఊరంతటినీ ఒకే ముక్కగా చూపి 'గ్రామకంఠం' అని రాసి వదిలారు. తమిళదేశంలో 'నత్తం' అనేది ఇదే. కంఠం అన్న మాట అక్కడికెలా వచ్చిందో గాని, ఊరి ప్రాణం అక్కడే ఉన్నది. చేనుకు పట్టా ఉంది, అడంగల్ ఉంది. ఇంటికి ఏదీ లేదు. అలాగని ఇల్లు సర్కారుదీ కాదు. ఎవరి ఇల్లు వారిదే. ఎవరిదో ఊరికి తెలుసు. ఊరు ఉన్నంతకాలం అది చాలు.

మా జేజినాయన పాత ఊళ్ళో ఇల్లు కట్టినప్పటి సంగతి మా జేజి చెప్పేది. రెడ్డిగారితోనూ కరణంగారితోనూ ఒక మాట చెప్పాడట. పక్కింటివాళ్ళను పిలిచి, నీళ్ళు ఏ పక్కకు పారాలో, గవాక్షి ఎటు రావాలో అడిగి, తాడుతో కొలిచి మేకు దిగ్గొట్టారట. పునాదిలో నవధాన్యాలు వేసి, సుంకులమ్మకు టెంకాయ కొట్టారట. అదే అనుమతి, అదే ఆమోదం. పొరుగువాని గోడకు తగలకుండా కట్టాలన్న నియమం ఉంది, నీళ్ళు అవతలివాని వాకిట్లోకి పోకూడదన్న నియమం ఉంది, దారి మూయకూడదన్న నియమం ఉంది. నేటి భవన నియమాలలో ఉన్న ఈ సంగతులేవీ ఆనాటివాళ్ళకు తెలియనివి కావు. లేనిదల్లా రాత. తరువాత పంచాయతీ వచ్చి ఇంటికి తలుపు నంబరు వేసి, ఏడాదికోసారి ఇంటిపన్ను రసీదు ఇచ్చేది. నాయన ఆ రసీదులను ఇనుపకమ్మికి గుచ్చి వాసానికి తగిలించేవాడు. మాకది నవ్వులాటగా ఉండేది.

1960 జూలై 24న ప్రధానమంత్రి నెహ్రూ శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. ఇరవై ఏళ్ళు పని సాగింది. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. ఆ అంకె మా వైపు చదువురానివారికి కూడా తెలుసు, ఎందుకంటే ఎవరి ఇల్లు అంతకు కిందనున్నదో వారి ఇల్లు పోయింది. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో దాదాపు నూరు గ్రామాలు మునిగాయి. 1981లో, నేను పండితశిక్షణలో ఉన్న ఏడు, ఊళ్ళను ఖాళీ చేయించారు. ఖాళీ చేయించడమంటే ఏమిటో చూసినవారికి తెలుసు. జనం వెనక్కి రాకుండా ఇళ్ళను పడగొట్టారు. మా జేజి మిద్దె మీది దంతెలు తీసుకుపోదామని బండి తెస్తే, గాడిపాట్లో ఎద్దులు మొండికేసి కదలలేదు. అంతకన్న రాయలేను.

ఒక్క సంగతి మాత్రం ఈ వ్యాసం కోసం చెప్పాలి. అదే కాలంలో మునకలో పడుతున్న దేవాలయాలను విప్పి తరలించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపురానికి వెళ్ళింది. పాపనాశి గుళ్ళు అలంపురానికే వెళ్ళాయి. రూపాల సంగమేశ్వరుడు కర్నూలు దగ్గర జగన్నాథగట్టు ఎక్కాడు. రాయి రాయికీ గుర్తు వేసి, బొమ్మ గీసి, విప్పిన వరుసలోనే తిరిగి పేర్చారు. ఎంత గొప్ప పని! ఆ శిల్పులకూ ఇంజినీర్లకూ చేతులెత్తి మొక్కాలి. సప్తనదీసంగమం వద్ద ఉన్న సంగమేశ్వరుడు మాత్రం అక్కడే ఉండి, ఏటా నీళ్ళలో మునిగి, నీళ్ళు తగ్గినప్పుడు తేలి దర్శనమిస్తున్నాడు.

గుడి రాళ్ళకు నంబర్లు వేసినవారు మా ఇంటి రాళ్ళకు ఎందుకు వేయలేదని అడగడం లేదు. అది అడగరాని ప్రశ్న. కాని గుడికి శాసనముంది, పటముంది, పుస్తకంలో పేరుంది. ఇంటికి పరిహారం కట్టేటప్పుడు గుమాస్తా మొదట అడిగింది 'ఏముంది నీ దగ్గర' అనే. చేను విషయంలో పట్టా చూపినవానికి లెక్క త్వరగా తేలింది. ఇంటి విషయంలో ఎంత వెడల్పు, ఎన్ని దూలాలు, కట్టి ఎన్నేళ్ళయింది అన్నవాటికి నోటి మాటే సాక్ష్యం. ఊరు పడగొట్టాక ఆ నోటి మాటకు విలువెక్కడిది? సాక్షులు తలా ఒక దిక్కు పోయారు. పరిహారం చాలలేదని చాలామంది కోర్టులకెక్కి ఏళ్ళ తరబడి తిరిగారు. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామన్న జి.ఓ. 98 వచ్చింది 1986లో. దానికోసం కూడా మళ్ళీ కాగితాలే. 1984లో కరణీకాలు రద్దయ్యాక, ఎవరి ఇల్లు ఎక్కడుండేదో కంఠతా చెప్పగల మనుషుల మాటకు కచేరీలో చోటు కూడా పోయింది.

ఇదీ నాకు అర్థమైనది. రాత లేని హక్కు ఊరున్నంత కాలమే హక్కు. ఊరు చెదిరిన రోజున అది జ్ఞాపకమైపోతుంది. జ్ఞాపకానికి పరిహారం లేదు.

ఇప్పటి నియమాల సంగతి రెండు మాటలు. 1964 నాటి గ్రామపంచాయతీల చట్టం స్థానంలో, 73వ రాజ్యాంగ సవరణ తరువాత, 1994లో పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. దాని కింద 2002లో గ్రామపంచాయతీ భూమి అభివృద్ధి, లేఅవుటు, భవన నియమాలు వచ్చాయి. ఊళ్ళో ఇల్లు కట్టాలంటే స్థలం కాగితం నకలు, స్థలం పటం, లైసెన్సు గల సాంకేతికుడు గీసిన ప్లాను, రుసుము జతపరచి పంచాయతీకి దరఖాస్తు చేయాలి. పెద్ద కట్టడాలకు పట్టణ, గ్రామ ప్రణాళికశాఖ సాంకేతిక ఆమోదం కూడా కావాలి. దారికీ పొరుగుకూ ఇంత ఖాళీ వదలాలని ఉంది. ఈ నియమాలను తిట్టేవారు మా ఊళ్ళో చాలామంది. నేనూ తిట్టాను. చదివి చూస్తే మా జేజినాయన తాడు పట్టి కొలిచినప్పటి న్యాయమే చాలావరకు అందులో ఉంది. తేడా ఏమిటంటే, ఆయన పొరుగువానిని అడిగాడు, నేను పొరుగువాని తరఫున ఉన్న కార్యాలయాన్ని అడుగుతున్నాను.

కొండమీద ఇంత సులభం కాదు. అక్కడ ఒక గది లేపాలన్నా అది దేవస్థానం స్థలమా, అటవీస్థలమా, రెవెన్యూ స్థలమా అన్న ప్రశ్న ముందు వస్తుంది. చుట్టూ ఉన్న నల్లమల 1978లో అభయారణ్యమైంది, 1983లో పులుల సంరక్షణ పథకంలో చేరింది. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ప్రకారం అడవి భూమిని మరొక పనికి వాడాలంటే కేంద్రప్రభుత్వ అనుమతి కావాలి. మల్లికార్జునుడు అడవిలో ఉన్నాడు, అడవి పులికి ఉన్నది, పులికి చట్టం ఉన్నది.

మరి చెంచులు? మల్లన్నను 'చెంచు మల్లయ్య' అని అల్లుడి వరుస కలిపి పిలుచుకునే వారికి, రాజులు మెట్లు కట్టకముందు నుంచీ ఆ అడవిలో ఉన్నవారికి, ఏ రాయి మీదా ఎల్లలు చెక్కలేదు, ఏ దొరా పట్టా ఇవ్వలేదు. వారి గూడేలకూ పెంటలకూ గ్రామకంఠమన్న పేరు కూడా లేకపోయింది. వారి హక్కును చట్టం గుర్తించింది 2006లో, అటవీహక్కుల చట్టంతో. అందులో ఒక నిబంధన నాకు నచ్చింది. అడవిలోని గూడేనికి బడో, ఆసుపత్రో, అంగన్‌వాడీయో, తాగునీటి వసతో కట్టాలంటే ఒక హెక్టారుకు లోపు భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా ఇవ్వవచ్చు. అయితే గ్రామసభ సిఫారసు ఉండాలి. అంటే సెలవిచ్చే వరుసలో మొదటిసారి గూడెంవాళ్ళ మాటకూ రాతలో స్థానం దొరికింది. అమలు సంగతి అలా ఉంచండి. రాతలో ఉన్నదాన్ని అమలు చేయమని అడగవచ్చు. రాతలోనే లేనిదాన్ని ఏమని అడుగుతాం?

నా దరఖాస్తు సంగతి చెప్పి ముగిస్తాను.

మా చెల్లెలు కూలిన నడిమింట్లోంచి బయటికి లాగిన ట్రంకుపెట్టెలో నాయన కాగితాలున్నాయి. అడుగున ఆ రసీదుల కట్ట ఉంది. ఇనుపకమ్మి తుప్పు పట్టి రసీదుల నడుమ ఎర్రని రంధ్రం పడింది. పాత ఊరి పంచాయతీ ముద్ర, నాయన పేరు, తలుపు నంబరు. వాటి కింద ఇంటి పరిహారానికి వచ్చిన నోటీసు, అందులో అదే తలుపు నంబరు. దానికి గుండుసూదితో గుచ్చిన చిన్న చీటీ, కొత్త ఊళ్ళో కేటాయించిన స్థలం సంఖ్యతో. పట్టా ఇస్తామన్నారు, ఇవ్వలేదు. నాయన అడిగీ అడిగీ మానుకున్నాడు.

ఇంటిపన్ను రసీదు యాజమాన్యానికి రుజువు కాదని న్యాయశాస్త్రం చెబుతుందట. స్వాధీనంలో ఉన్నామనడానికి సాక్ష్యం మాత్రమేనట. అయినా ఆ మూడు కాగితాలూ ఒకదాని వేలు ఒకటి పట్టుకొని వచ్చాయి. కార్యదర్శి పిల్ల వాటిని చూసి, "ఇవి చాలు సార్, తహసీల్దారుగారికి రాద్దాం. పొజిషన్ సర్టిఫికెట్ వస్తే నేను సంతకం పెడతా" అన్నది. రాసింది కూడా. అది మూడుసార్లు తిరిగి వచ్చింది. నాలుగోసారి సర్వేయరు వచ్చి పంచనామా రాశాడు.

పంచనామాకు పెద్దలు కావాలి. మా వీధిలో ఎనభై దాటిన ఒకాయన ఉన్నాడు. నాయనకు జతగాడు. "పెద్దాయనా, ఈ స్థలానికి తూర్పున ఎవరు, పడమర ఎవరు చెప్పు" అని సర్వేయరు అడిగితే, ఆయన కళ్ళు మూసుకొని చెప్పుకొంటూ పోయాడు. తూర్పున సుంకులమ్మ గుడికి పోయే రస్తా, పడమర వడ్లాయన దొడ్డి, ఉత్తరాన సొట్టబావి, దక్షిణాన చింతమాను. సర్వేయరు కలం ఆపి చుట్టూ చూశాడు. అక్కడ గుడి లేదు, బావి లేదు, చింతమాను లేదు. "ఇవెక్కడ పెద్దాయనా?" అన్నాడు.

ఆయన చెప్పింది పాత ఇంటి ఎల్లలు. నలభై ఏళ్ళకు పైగా నీళ్ళ కింద ఉన్న ఇంటివి.

మేమెవరమూ మాట్లాడలేదు. సర్వేయరు చిన్నవాడే గాని మర్యాద తెలిసినవాడు. "అవి గూడా నిజమే పెద్దాయనా. ఇప్పటివి గూడా చెప్పు, రాసుకుంటా" అన్నాడు.

ప్లాను ఆమోదమై వచ్చింది. ముగ్గు పోశాం. బ్యాంకువారు తొలి విడత ఇచ్చారు. బేతంచెర్ల బండలు దించుకున్నాం. కూలిన మిద్దె దూలాలలో రెండు గట్టివి మిగిలితే వాకిలి పంచకు వాడుకుంటున్నాం. అవి పాత ఊరి నుంచి బండిమీద వచ్చినవే.

మిత్రులకు ఒక్క మనవి. మీలో చాలామందికి ఊళ్ళలో తాతల ఇళ్ళుంటాయి. గ్రామకంఠంలోని ఇళ్ళను డ్రోనులతో కొలిచి యాజమాన్యపత్రాలిచ్చే స్వామిత్వ పథకాన్ని కేంద్రం 2020 ఏప్రిల్ 24న మొదలుపెట్టింది. అదే ఏడాది డిసెంబరులో మన రాష్ట్రంలో పునఃసర్వే మొదలైంది. మీ ఊరికి కొలిచేవాళ్ళు వచ్చిన రోజున ఎవరో ఒకరు అక్కడ నిలబడండి. పాత రసీదులను చెదలకు వదలకండి, నకళ్ళు తీసి దాచండి. రెండు గదులే కదా అని అనుమతి లేకుండా కట్టకండి. ఆ కాగితం ప్రభుత్వానికి ఇల్లు గురించి చెప్పడానికి మాత్రమే కాదు, మీ తరువాతివారికి ఆ ఇల్లు ఉండేదని చెప్పడానికి కూడా. రాజులు ఇది తెలిసి రాయించుకున్నారు. నాయనకు కూడా తెలుసు. వాసానికి తగిలించిన ఆ ఇనుపకమ్మే ఆయన రాగిరేకు. మాకు తెలియక నవ్వుకున్నాం.

పెద్ద వ్యాసమైపోయింది.  తప్పులుంటే దిద్దండి, మీ ఊళ్ళ ముచ్చట్లు ఉంటే రాయండి. అక్కడ తాపీమేస్త్రి పునాది రాయికి ఎదురు చూస్తున్నాడు.

ఇక సెలవు.